మంచినీళ్లు వద్దన్న పాపానికి

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు ఎడ్లబళ్లూ లాంతర్లూ ఊహించుకుంటారేమో, అక్కర్లేదు. నేను చెప్పే రోజుల్లోనూ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఊరూరికీ రోడ్లున్నాయి, మా వీధి చివర పానీపూరీ బండి కూడా ఉంది. లేనిదల్లా నా బుర్రలో గుజ్జు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. విజయనగరంలో ఒక ఆఫీసులో చేరి ఎనిమిది నెలలైంది. ఆ వయసులో చేతిలో జీతం పడితే మిగతా కుర్రాళ్లు మోటారుసైకిలు కొంటారు, లేదా ప్రేమలో పడతారు, ధైర్యవంతులు రెండూ చేస్తారు. నేను సైకిలు కొన్నాను. మామూలు సైకిలు కాదు, ఇరవై ఒక్క గేర్లున్న సైకిలు. (ఇరవై ఒక్కటీ ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు. నేను వాడింది మూడు. అందులో ఒకటి పొరపాటున పడింది.) ఆ సైకిలెక్కి, నా అంతటి తెలివైనవాడు ఉత్తరాంధ్రలో మరొకడు లేడన్న నమ్మకంతో తిరిగేవాణ్ణి. ఆ నమ్మకంతోనే ఒక మార్గశిర మాసపు ఉదయాన, బతికున్న మా మామ్మని చరిత్రలో కలిపేశాను.

సైకిలు పిచ్చి నాకు అంటించింది మా ఆఫీసులో ఒక పెద్దమనిషి. ఆయన ప్రతి ఆదివారం చీకటితో లేచి రామతీర్థం దాకా తొక్కి, అక్కడి కొండ మీద బౌద్ధుల కాలం నాటి ఇటుకలు చూసి, తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి ఇడ్లీలు తినేవారు. మేమంతా ఆయన్ని గేర్ల గురువుగారు అనేవాళ్లం. "పెద్దరోడ్డు ఎక్కకు నాయనా, అది లారీలకి వదిలెయ్. సాలూరు లారీలన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి, వాటితో మనకి పోటీ ఏంటి? మనది ఊళ్ల మధ్య దారి. పక్కన పొలం, ఎదర కొండ, కొండ మీద రెండువేల ఏళ్ల చరిత్ర. మాట్లాడేవాడు ఉండకూడదు" అని బోధించేవారు. (మౌనం గురించి ఆయన మాట్లాడినంతసేపు ఇంకెవరూ మాట్లాడగా నేను వినలేదు.) ఆయన నాకు ఉపదేశించిన సూత్రాలు మూడు. దారిలో ఆగినా సైకిలు దిగకూడదు, దిగితే కండరాలు పట్టేస్తాయి. దారిలో ఎవరిచ్చిన నీళ్లూ తాగకూడదు, మన సీసాలోవే గుక్కెడు గుక్కెడు తాగాలి. ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకూడదు, చెప్పాల్సింది చెప్పేసి కదలాలి. వేదవాక్కుల్లా వాటిని నేను కంఠస్థం చేశాను. బళ్లో ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

మా ఊరు శ్రీకాకుళం పక్కనే, అరసవిల్లికి ఇవతల. సెలవు దొరికితే సైకిలేసుకుని ఊరొచ్చేసేవాణ్ణి. దాన్ని మొదటిసారి చూసినప్పుడు మా మామ్మ (నాన్నగారి అమ్మ) దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. నంది వెనకాల చూసినట్టు వంగి చూసింది. "ఏటిరా ఇది? ఎనకాల కూకోడానికి సోటేదీ?" అంది. ఇలాంటి సైకిళ్లకి వెనక క్యారేజీ ఉండదు మామ్మా అన్నాను. "బెల్లేదీ?" ఉండదు. "స్టాండేదీ?" ఉండదు, గోడకి ఆనించాలి. మామ్మ కాసేపు ఆలోచించి, "ఓలమ్మో, ఇన్నుండవని తెలిసి కూడా కొనీసినావంటే నీకు పిల్లని సూడ్డం ఇంక ఆలీసెం సెయ్యకూడదురా" అంది. మా నాన్న అరుగు మీంచి నవ్వాడు. మామ్మ మాత్రం నవ్వలేదు. ఆ వెనకాల చోటు ఆవిడకి కావాలి.

ఎందుకంటే మామ్మకి ఒక చెల్లెలుంది. మాకు చిన్నమామ్మ. సాలిహుండం కొండకి మూడు కిలోమీటర్ల ఇవతల ఒక ఊళ్లో, ఇంటిముందు పెద్ద మునగచెట్టు ఉండటం వల్ల ఆ చుట్టుపక్కల అందరికీ మునగచెట్టు ముసలమ్మ. అక్కచెల్లెళ్లిద్దరి మధ్యా దూరం పాతిక కిలోమీటర్లు. చూసుకుని ఏడాదిన్నర. గొడవలేమీ లేవు, ఉన్నవల్లా మగాళ్లు. ఇక్కడ మా నాన్న "కోతలవనీ, తీసుకెల్తాను" అంటాడు. అక్కడ బాబాయి (చిన్నమామ్మ కొడుకు) "ఊడుపులవనీ" అంటాడు. కోతలకీ ఊడుపులకీ మధ్య ఆ ఇద్దరు ముసలివాళ్ల మోకాళ్లు నానాటికీ అరిగిపోతున్నాయి. ఫోన్లో మాట్లాడుకుందామంటే ఇద్దరికీ చెవుడు. మామ్మ "సెల్లీ, తిన్నావేటే?" అని అరిస్తే అటునించి "ఆఁ, వాన నేదు" అని వచ్చేది. ఆ మాత్రానికే ఇద్దరూ కళ్లు తుడుచుకునేవారు.

ఆ శనివారం నేను సాలిహుండం కొండ మీది బౌద్ధుల ఇటుకలు చూడ్డానికి వెళ్తున్నానని తెలిసి, ముందురోజు రాత్రి పడుకోబోయే ముందు మామ్మ నా మంచం దగ్గరికొచ్చింది. రెండురోజులుగా ఆవిడకి జలుబు, గొంతు బొంగురుపోయింది. "ఒరే నాన్నా, ఎలాగూ ఆ పక్కకే ఎల్తన్నావు గదా, మా సెల్లికి ఓ మాట సెప్పు. నాకు ఒంట్లో బాగోనేదని, ఓసారొచ్చి సూసెల్లమని. అలాగంటే గానీ దాని కొడుకు తీసుకురాడు" అంది. సరే అన్నాను. ఎంత చిన్న పని! పాతికేళ్లొచ్చినవాడికి ఒక ముక్క అప్పజెప్పడం ఒక లెక్కా?

తెల్లవారకుండా బయల్దేరాను. మంచు బాగా కురుస్తోంది. తలకి చలి తగలకుండా తెల్లటి తువ్వాలు చుట్టి, దాని మీద శిరస్త్రాణం పెట్టాను. ఫోన్లో దూరం కొలిచే యాప్ ఒకటి నడిపి, గురువుగారి మౌనసూత్రం ప్రకారం దాని నోరు నొక్కి సంచిలో పడేశాను. అరసవిల్లి దాటి గార రోడ్డు పట్టాక, ఇంక అది రోడ్డు కాదు, వరం. రెండువైపులా కోతలైన మళ్లు, గడ్డికుప్పలు, వాటి మీద మంచు. ఒక ఊరి దగ్గర సగం రోడ్డు మీద సోళ్లు, అదే రాగులు, ఆరబోసి ఉంటే, మిగతా సగం మీంచి ఒక కుక్కా నేనూ మర్యాదగా పక్కపక్కన వెళ్లాం. చాలాసేపు ఒక్క మోటారు చప్పుడు లేదు. గొలుసు సన్నగా కిరకిరమంటోంది, కొంగలు లేస్తున్నాయి, నేను పాటలాంటిది పాడుతున్నాను. నాకు అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వాడి తొడలు నొప్పిగా ఉన్నాయి, వాడి మనసు మాత్రం ఏ రాజుకీ తీసిపోదు. కళింగ దేశమంతా వాడికి దారిచ్చి తప్పుకుంటున్నట్టుంది.

ఏడున్నరకి మునగచెట్టు ఇంటిముందు ఆగాను. సూత్రం ఒకటి: దిగకూడదు. ఒక కాలు అరుగు మీద ఆనించి, ఒక కాలు పెడలు మీదే ఉంచి, "బాబాయ్" అని పిలిచాను. బాబాయి వేపపుల్లతో బయటికొచ్చాడు.

"ఒరే, నువ్వేట్రా? ఇంత పెందలకడే ఏటిలాగ? దిగు, నోపలికి రా."

"లేదు బాబాయ్, దిగను. వెళ్లిపోవాలి."

బాబాయి నోట్లో వేపపుల్ల ఆగింది. ఇంతలో పిన్ని చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఏటలాగ సెమట్లు పట్టీసినాయి బాబూ, ఇవి తాగు" అంది. సూత్రం రెండు.

"వద్దు పిన్నీ. ఇప్పుడు తాగకూడదు."

పిన్ని చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపలినించి చిన్నమామ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "మా అప్ప ఎలాగున్నాదిరా?" అంది. (మా పక్క అక్కని అప్ప అంటారు.) ఆవిడకి వినబడాలని గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను.

"మామ్మకి ఒంట్లో బాగోలేదు. నిన్ను ఓసారి వచ్చి చూసి వెళ్లమన్నారు."

బాబాయి నా తలకి చుట్టిన తెల్లతువ్వాలు కేసి చూశాడు. "ఎప్పుడు రమ్మన్నార్రా?" అన్నాడు, గొంతు తగ్గించి. "వీలైతే ఇప్పుడే" అన్నాను. సూత్రం మూడు: చెప్పాల్సింది చెప్పేసి కదలాలి. కదిలాను. మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే ముగ్గురూ కొయ్యబొమ్మల్లా నిలబడి నన్నే చూస్తున్నారు. నా సైకిలు అందం చూసి అలా అయిపోయారు కాబోలు అనుకుని, పక్క గేరు వేసి ఇంకొంచెం వేగం పెంచాను.

మా పక్క ఒక ఆచారం ఉంది. నాకు తప్ప అందరికీ తెలిసిన ఆచారం. చావుకబురు తెచ్చినవాడు గడప తొక్కకూడదు. ఆ ఇంట కూర్చోకూడదు. ఆ ఇంటి మంచినీళ్లు ముట్టకూడదు. పోయారు అన్న మాట నోటితో అనకూడదు. "ఒంట్లో బాగోలేదు, ఓసారి వచ్చి చూసి వెళ్లమన్నారు" అనాలి. అనేసి, ఆగకుండా వెళ్లిపోవాలి. వెనకటికి ఈ పని సైకిలు మీదే జరిగేది. ఫోన్లొచ్చాక తగ్గింది కానీ, పెద్దింటి చావైతే ఇప్పటికీ మనిషినే పంపుతారు. ఎన్నో ఏళ్లుగా అందరూ ఏదో ఒకటి మరిచిపోతూ, ఏదో ఒకటి తప్పుతూ చేస్తున్న ఆ తంతుని, ఆ ఉదయం నేను ఒక్క లోపం లేకుండా, తువ్వాలుతో సహా నెరవేర్చాను. మా తాతముత్తాతల్లో కూడా అంత నియమంగా చావుకబురు చెప్పినవాడు ఉండి ఉండడు.

నేను సాలిహుండం మెట్లెక్కుతున్నాను. కొండ మీద ఎవరూ లేరు. గుండ్రటి ఇటుక కట్టడాలు, వాటి మీద ఎండ ఇప్పుడిప్పుడే పడుతోంది. కింద వంశధార మలుపు తిరిగి సముద్రం కేసి పోతోంది, దూరంగా కళింగపట్నం వైపు నీలంగా ఒక గీత. రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ భిక్షువులు కూర్చుని జీవితం క్షణభంగురం అని ధ్యానించారు కదా అనుకుని, నేనూ ఒక ఇటుక పక్కన కూర్చుని క్షణభంగురం అనుకుంటూ నాలుగు అరటిపళ్లు తిన్నాను. చావు గురించి అంత సుఖంగా ఆలోచించడం నా జీవితంలో అదే ఆఖరు.

కొండ దిగితే కింద ఒక టీ బడ్డీ. బడ్డీ ఆయన గ్లాసు కడుగుతూ తనలో తనే అన్నట్టు, "పాపం, మునగచెట్టు ముసలమ్మకి అప్ప పోనాదంట. కబురొచ్చినాదంట. అందరూ ఆటో కట్టించుకుని ఎల్లిపోనారు" అన్నాడు.

గ్లాసు నా చేతిలో లేదు కాబట్టి పడలేదు. మునగచెట్టు ముసలమ్మకి అప్ప ఎవరు? ఒక్కర్తే. "ఎప్పుడంట?" అన్నాను. "ఇదిగో, నువ్వు కొండెక్కినప్పుడే. ఏ అద్దరేత్రో పోయుంటాది. ముసలోలు గదా బాబూ, రాలిపోతారు" అన్నాడు. కబురు తెచ్చినవాడి గురించి ఒక్క ముక్క అనలేదు. నాకూ అడగాలని తోచలేదు. తెల్లవారకుండా నేను వచ్చేటప్పుడు మామ్మ నిద్రపోతోంది. నిద్రపోతోందనే అనుకున్నాను. దగ్గరికెళ్లి చూశానా? లేదు. జలుబు అంది, నేను నవ్వాను. ఇంట్లోవాళ్లు లేచి చూసి, బాబాయికి ఫోన్ చేసి ఉంటారు. నాకూ చేసే ఉంటారు. సంచిలోంచి ఫోన్ తీశాను. చచ్చిపోయి ఉంది. దూరం కొలిచే యాప్ ఉన్న ప్రాణమంతా తాగేసింది. బడ్డీ ఆయన తన ఫోన్ ఇచ్చాడు. తీసుకుని, నొక్కబోయి, ఆగాను. నాన్న నంబరు నాకు రాదు. అమ్మది రాదు. ఎవరిదీ రాదు. నాకు కంఠస్థమైన నంబరు ప్రపంచంలో ఒక్కటే, నాది. (నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం లేక, ఆ నంబరు నొక్కి చూశాను కూడా. మీరు ప్రయత్నిస్తున్న చందాదారుడు అందుబాటులో లేడన్నారు. నిజమే, నేను నాకు అందుబాటులో లేను.)

అక్కణ్ణించి మా ఊరికి తొక్కిన తొక్కుడు గురించి ఎక్కువ చెప్పలేను. వచ్చేటప్పుడు చూసిన పొలాలు, కొంగలు ఏవీ కనబడలేదు. సోళ్లు ఆరబోసిన చోట వాటి మీంచే వెళ్లిపోయాను, వెనకాల ఒకావిడ నా వంశాన్ని తలుచుకుంది. ఏడుస్తూ సైకిలు తొక్కడం మీరెప్పుడైనా ప్రయత్నించారో లేదో, రెండింటికీ ఊపిరి ఒకటే, చాలదు. గేర్లన్నీ పనిచేశాయి ఆ రోజు. దారి పొడుగునా మామ్మతో మాట్లాడుతున్నాను. ఏడో తరగతి లెక్కల్లో నేను తప్పితే, "ఆ దిద్దినోడికే లెక్కలు రావు" అని బడికొచ్చి మాస్టారితో తగువేసుకున్నావు కదా మామ్మా, దిద్దినాయన తప్పు కాదు, నేను పేపరు సగం తెల్లగా వదిలేశాను. మొదటి జీతంతో నీకు తెచ్చింది పట్టుచీర అన్నాను, పట్టు కాదు. నువ్వు దాన్ని పెట్టెలో దాచుకుని పట్టు పట్టు అని వీధంతా చూపించావు. నువ్వు కలిపి పెట్టిన ముద్ద లాంటిది విజయనగరంలో ఏ హోటల్లోనూ లేదు. చెల్లిని చూడాలంటే నాకు కోతలేమిటి, ఊడుపులేమిటి, ఆటో పిలిచి నేనే తీసుకెళ్లలేకపోయానా? ఇన్ని చెప్పాలని ఉన్నట్టు నాకే తెలియదు. పాతిక కిలోమీటర్లలో అన్నీ వచ్చాయి. వినడానికి మనిషి లేదు.

మా వీధి మొదట్లో ఆటో ఆగి ఉంది. ఇంకా అప్పుడే ఆగింది. (దారి పొడుగునా ఆగి, మూడు ఊళ్లలో చుట్టాలకి కబురు చెప్పి, ఎక్కగలిగినవాళ్లని ఎక్కించుకుని, బంతిపూల దండ కొనుక్కుని వచ్చింది మరి. లేకపోతే ఇరవై ఒక్క గేర్లు కూడా దాన్ని అందుకోలేవు.) చావింటికి బండిలో గుమ్మందాకా రాకూడదు కనక అందరూ వీధి మొదట్లోనే దిగారు. చిన్నమామ్మ జుట్టు విరబోసుకుంది. పిన్ని ఒక రెక్క, బాబాయి ఒక రెక్క పట్టుకున్నారు. బాబాయి మరో చేతిలో దండ. వాళ్ల వెనక ఆరేడుగురు. అందరికీ వెనకాల సైకిలు నడిపించుకుంటూ, ఎక్కిళ్లు పెడుతూ నేను. చిన్నమామ్మ రాగం ఎత్తుకుంది.

"ఓలప్పో... నన్నొగ్గీసి ఎల్లిపోనావేటే అప్పా... కోతలైనాక వస్తానన్నావు గదే అప్పా... నా ఇత్తడిబింది నీకాడే ఉండిపోనాది గదే అప్పా..."

మామ్మ అప్పుడు వంటింట్లో సద్దన్నం తింటోంది. చెవుడైనా చెల్లెలి రాగం ఆవిడకి వినబడింది. వీధి మొదట్నించి చెల్లెలు ఏడుస్తూ వస్తోందంటే దానికర్థం ఒకటే, చెల్లెలింట్లో ఏదో ఘోరం జరిగింది. చేయి కడుక్కోకుండా, ఉల్లిపాయ పట్టుకునే వీధిలోకి పరిగెత్తుకొచ్చి (ఆ మోకాళ్లతో!) చెల్లెల్ని వాటేసుకుంది. "ఓలమ్మో సెల్లీ... ఎంత కష్టమొచ్చీసినాదే నీకు... నానేటి సేతునే సెల్లీ..." అని అందుకుంది. చిన్నమామ్మకి కళ్లనిండా నీళ్లు, పైగా శుక్లాలు. ఎవరో వాటేసుకున్నారు, ఏడుస్తున్నారు, అంతే తెలుసు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి, ఒక రాగం దించితే ఇంకొకరు ఎత్తుతూ, చాలాసేపు ఏడ్చారు. మామ్మ గొంతు జలుబుకి బొంగురుపోయి ఉంది కదా, ఆ శ్రుతికి సరిగ్గా కుదిరింది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఎవరూ ఏడవడం లేదు. బాబాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పిన్ని రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేసింది. సైకిలు వదిలేశాను, అది స్టాండు లేనిది కదా, దాని పద్ధతిలో అది పడింది.

ఆ చప్పుడికి మామ్మ తల ఎత్తింది. ముక్కు చీదుకుని, "ఇంతకీ ఎవులే పోనాది?" అంది.

"నువ్వేనే అప్పా!" అంది చిన్నమామ్మ, వెక్కుతూనే.

"నానా? నానెప్పుడు పోనానే? సద్దన్నం తింటన్నాను గదే!"

చిన్నమామ్మ మామ్మ మొహం రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది. ముక్కు తడిమింది. చెవి తడిమింది. ఉల్లిపాయ వాసన చూసింది. అప్పుడు ఒక్కటిచ్చింది భుజమ్మీద. "నీ పాడె కట్ట! పేనం తీసీసినావు గదే! బతికుండి ఏడిపిస్తావేటే?" అని మళ్లీ ఏడుపు. ఈసారి ఏడుపు వేరు.

విచారణ అరుగు మీద జరిగింది. మా నాన్న కళ్లంలోంచి పరిగెత్తుకొచ్చాడు. బాబాయి సాక్ష్యం చెప్పాడు. "నాదేటి తప్పన్నయ్యా? దిగరా అంటే దిగనన్నాడు. నోపలికి రమ్మంటే రానన్నాడు. నీల్లిత్తే తాగకూడదన్నాడు. తలకి తెల్లగుడ్డ సుట్టుకున్నాడు. ఓసారొచ్చి సూసెల్లమన్నారని సెప్పి, ఆగకుండా ఎల్లిపోనాడు. ఇంకేటి సెప్పాల?"

"ఫోను సెయ్యనేకపోనావా?" అన్నాడు నాన్న.

"పదిసార్లు సేసినాను. ఎత్తినావా నువ్వు? ఎత్తలేదంటే ఏడుపుల్లో ఉన్నారు గావాల అనుకున్నాం."

నాన్న ఫోను ఇంట్లో గూట్లో, చప్పుడు రాకుండా పడి ఉంది. అందరూ నాకేసి తిరిగారు. కండరాలు పట్టేస్తాయనీ, సొంత సీసా అనీ, గురువుగారి సూత్రాలనీ ఏదో చెప్పబోయాను. ఆ సూత్రాలు అరుగు మీద చెప్తుంటే నా చెవికే బాగోలేదు. "ఈడికి పిల్లనిత్తే ఆలింటికెల్లి కూడా ఇలాగే గుమ్మంలో నిలబడతాడు" అంది పిన్ని. ఈ లోపల మామ్మ బాబాయి చేతిలో దండ చూసింది. "అది నాకు తెచ్చిందేనా? ఇలాగియ్యి" అని తీసుకుని వాసన చూసింది. "బాగున్నాదిరా. నిజంగా సచ్చినాక తెత్తే నానేటి సూత్తాను?" అంది. మా అమ్మ అపచారం అపచారమని లాక్కుంటే గానీ ఇవ్వలేదు. తరవాత వచ్చినవాళ్లని ఒక్కొక్కళ్లనీ చూసి లెక్క వేసుకుని, "మరి గార కోడలు రానేదేటి? సచ్చిపోనానని తెలిసి కూడా రానేదా?" అని నిలదీసింది. (ఆ గార కోడలు ఆ తరవాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా మామ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసేది.)

శిక్ష నాన్న వేశాడు. ఆటో దారిలో చెప్పుకుంటూ వచ్చిన మూడు ఊళ్లకీ నేనే వెళ్లి, మామ్మ బతికే ఉందని చెప్పి రావాలి. ఫోన్లో చెప్తే చాలదు, మొహం చూపించాలి. పోయారని చెప్పడానికి మా పెద్దలు ఇన్ని పద్ధతులు పెట్టారు కానీ, బతికున్నారని చెప్పడానికి ఒక్క పద్ధతీ పెట్టలేదు. మొదటి ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మామ్మకి ఒంట్లో బాగానే ఉంది" అన్నాను. ఆ ఇంటి పెద్దాయన తలకి స్నానం చేసి బయల్దేరబోతున్నాడు. "బాగుండడమేట్రా? సెలవు పెట్టీసినాను గదా!" అన్నాడు, ఎంతో నిరాశగా. సెలవు చీటీలో ఏం రాశారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మూడిళ్లలోనూ లోపలికెళ్లి కూర్చున్నాను, వాళ్లు పెట్టింది తిన్నాను, వాళ్లిచ్చింది తాగాను, తిరిగొచ్చేసరికి గురువుగారన్నట్టే కండరాలు పట్టేశాయి.

చిన్నమామ్మ పన్నెండు రోజులుంది. చూడ్డానికొచ్చినదాన్ని చూడకుండా ఎలా వెళ్తానంది. బాబాయి రెండుసార్లు ఆటో తెచ్చి, రెండుసార్లూ ఖాళీగా తీసుకెళ్లాడు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే మంచం మీద పడుకుని పెద్దగా అరుచుకుంటూ గుసగుసలాడుకునేవారు. "బతికున్నప్పుడు పిలిత్తే ఏడాదిన్నర రాలేదు, సచ్చినానంటే పూటలో వచ్చీసినావు" అని మామ్మ. "నువ్వొచ్చినావేటి?" అని చిన్నమామ్మ. ఆ ఏడాది నుంచి నాన్నా బాబాయీ కోతల పేరూ ఊడుపుల పేరూ ఎత్తడం మానేశారు. నెలకోసారి ఎవరో ఒకరు ఆటో కట్టించేవారు. ఎందుకైనా మంచిదని.

నేను చెప్పకుండా దాచింది ఒక్కటే. ఆ రోజు విచారణ అయిపోయి, అందరూ లోపలికెళ్లాక, నేను మామ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఏడో తరగతి లెక్కలూ, పట్టు కాని పట్టుచీరా, దారి పొడుగునా అనుకున్నవన్నీ నోటిదాకా ఉన్నాయి. మామ్మ నా మొహం చూసి, "ఏట్రా, అలాగ సూత్తన్నావు?" అంది. ఆవిడ అంత నిక్షేపంగా, మూతికి సద్దన్నం మెతుకుతో, ఎదురుగా కూర్చుని ఉంటే, అవన్నీ చెప్పడానికి సిగ్గేసింది. "ఆకలేస్తోంది, ఏమైనా ఉందా?" అన్నాను. ఆవిడ లేచి వెళ్లింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. పొట్ట వచ్చి, ఆదివారాలు రామతీర్థం దాకా తొక్కడానికి ఒక్క గేరు కూడా ఎక్కువే అనిపిస్తోంది. మామ్మకి తొంభై. కళ్లు మందగించాయి కానీ నోరు మందగించలేదు. ఊరెళ్లినప్పుడల్లా ఈసారి చెప్పేద్దామనే బయల్దేరతాను. దారిలో వాక్యాలు కూడా పేర్చుకుంటాను. తీరా ఎదురుగా కూర్చున్నాక, "ఏట్రా, అలాగ సూత్తన్నావు?" అంటుంది. "ఏం లేదు మామ్మా" అంటాను. మామ్మ ఉంది కదా, ఇంకా టైముంది కదా, వచ్చేసారి చెప్పొచ్చు కదా అని గట్టి ధీమా. ఇరవై నాలుగేళ్లప్పుడూ నాకు ఇంతే ధీమా ఉండేది. వయసు పెరిగింది కానీ, ఆ కుర్రాడు ఎక్కడికీ వెళ్లలేదు.